మౌనం నేరాంగీకారం కాదు

మూడేళ్ళ క్రితం కొన్ని నెలలపాటు ప్రతి శనివారం ఒక అబ్జర్వేషన్ హోమ్‌కి వెళ్ళేదాన్ని. తెలుగు బాలసాహిత్యం మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి అక్కడి పిల్లలకి కథలు చెప్పమని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు అడిగారు. పొడవాటి హాలు, ముప్ఫైమంది దాకా మగపిల్లలు, మూలన పనిచేయని టీవీ. కథ చెప్తుంటే కొందరు నవ్వేవాళ్ళు, కొందరు గోడకి తల ఆనించి కునుకు తీసేవాళ్ళు. ఒక పిల్లవాడు మాత్రం కళ్ళార్పకుండా నా మొహంకేసే చూసేవాడు. పదహారేళ్ళుంటాయేమో. అందరూ నవ్వాక, ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాడు.

మా తమ్ముడు అట్లాగే నవ్వుతాడు. వాడికి పుట్టుకతో వినపడదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, చుట్టాలింట్లో అందరి మొహాలూ చూసి, నవ్వుతున్నారని నిర్ధారించుకుని అప్పుడు నవ్వుతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ నవ్వు చూస్తున్నదాన్ని కాబట్టి ఇక్కడ గుర్తుపట్టాను. రెండో శనివారం వాడి వెనక్కి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టాను. హాలంతా తిరిగి చూసింది. వాడు తిరగలేదు.

కేర్‌టేకర్‌ని అడిగితే, 'వాడికి పొగరు మేడం. ఎన్నిసార్లు పిలిచినా పలకడు. రెండు తగిలిస్తే అప్పుడు లేస్తాడు' అన్నాడు. వాడు వచ్చి అప్పటికి నలభై రోజులు. సెల్‌ఫోన్ దొంగతనం కేసు. నలభై రోజుల్లో పోలీసులు చూశారు, డాక్టరు చూశాడు, ప్రొబేషన్ ఆఫీసరు చూశాడు, బోర్డు ముందు రెండుసార్లు నిలబెట్టారు. వాడికి వినపడదన్న సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు. కాగితం మీద వున్నది వేరు. ప్రొబేషన్ ఆఫీసరు కొంచెం ఇబ్బందిగానే చెప్పాడు: 'అడిగినప్పుడు మౌనంగా వుండి, తప్పు ఒప్పుకున్నట్టు తల వూపాడని రాశారు మేడం.'

తల వూపడం అంటే ఏమిటో నాకు తెలుసు. బళ్ళో టీచరు 'అర్థమైందా?' అంటే మా తమ్ముడు తల వూపేవాడు. డాక్టరు 'నొప్పిగా వుందా?' అంటే వూపేవాడు. 'నొప్పి లేదా?' అన్నా వూపేవాడు. అర్థం కాలేదని చెప్తే దెబ్బ పడుతుందని, లేదా ఎదుటివాళ్ళు విసుక్కుంటారని చిన్నప్పుడే నేర్చుకున్న పిల్లలు బతకడానికి కనిపెట్టుకున్న ఉపాయం అది. ఆ ఉపాయాన్ని మన వ్యవస్థ నేరాంగీకారంగా రాసుకుంది.

'మౌనం అర్ధాంగీకారం' అన్న సామెతతో మనకి పాత తగాదా వుంది. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో, మధుర అని మనం పిలుచుకునే ఆ ఆదివాసీ అమ్మాయి ప్రతిఘటించిన ఆనవాళ్ళు లేవు కాబట్టి అది అంగీకారమేనని 1978లో సుప్రీంకోర్టు అంది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ దేశమంతటా స్త్రీల ఉద్యమాన్ని కదిలించింది. 1983లో చట్టం మారింది. భయంతో నోరు పెగలకపోవడాన్ని ఒప్పుకోలుగా చదవొద్దని న్యాయస్థానాలకి నేర్పింది మనం. అటువంటి మనం, గోడకి ఆనుకుని కూర్చున్న ఈ పిల్లవాడి మౌనం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మౌనంగా వున్నాం? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసం. మొదట నన్ను నేను అడుక్కుని, తర్వాతే మిమ్మల్ని అడుగుతున్నాను.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టాన్ని సాహిత్య విద్యార్థినిగా చదివాను. ఏ పాత్ర ఎక్కడ ప్రవేశిస్తుంది, ఎక్కడ నిష్క్రమిస్తుంది అని చూడటం మాకు అలవాటు. ఆ చట్టంలో వైకల్యం వున్న బిడ్డ మొదట కనిపించేది 2వ సెక్షన్‌లో, 'సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు' ఎవరో చెప్పే చోట. చూసుకునేవాళ్ళు లేని వికలాంగ శిశువు, మానసిక అస్వస్థత వున్న శిశువు అక్కడ వున్నారు. మళ్ళీ 53వ సెక్షన్‌లో, సంస్థలు కల్పించాల్సిన సదుపాయాల జాబితాలో కనిపిస్తారు: చక్రాల కుర్చీలు, కృత్రిమ అవయవాలు, వినికిడి యంత్రాలు, బ్రెయిలీ కిట్లు, ప్రత్యేక విద్య. ఆ తర్వాత 93వ సెక్షన్‌లో, మానసిక జబ్బు వుందనిపించిన బిడ్డని ఆస్పత్రికి తరలించమనే చోట. ఇక నేరం ఆరోపించిన బిడ్డని పట్టుకోవడం, ప్రశ్నించడం, విచారించడం, పెద్దవాడిలా విచారణకి పంపడం అన్న సెక్షన్లలో ఎక్కడా లేరు. జాలి పడాల్సిన చోట వైకల్యం కనిపిస్తుంది. న్యాయం చేయాల్సిన చోట మాయమవుతుంది.

బోర్డు విధుల్లో ఒకటుంది, అన్యాయంగా మాట్లాడకూడదు. విచారణ భాష అర్థం కాని బిడ్డకి దుబాసీనో అనువాదకుణ్ణో ఏర్పాటు చేయాలని 8వ సెక్షన్ చెప్తుంది. సంజ్ఞా భాషని కూడా భాష అనుకునే మనసుంటే ఆ ఒక్క మాటతోనే మా హాల్లో పిల్లవాడికి మొదటి రోజే మనిషి దొరికేవాడు. కానీ ఆ మాట ఒడియా పిల్లవాడికో బెంగాలీ పిల్లవాడికో వర్తిస్తుందనుకుంటారు గాని, పాలమూరు నుంచి వలసొచ్చిన తల్లి కడుపున పుట్టి, తెలుగు గడ్డ మీదే పెరిగి, తెలుగు ఒక్క ముక్క వినని పిల్లవాడికి కూడా వర్తిస్తుందని ఎవరికీ తట్టదు.

ప్రొబేషన్ ఆఫీసరు నింపే ఫారంలో వైకల్యం వుందా అని ఒక గడి వుంది. దాన్ని నింపేది చూపుతో. కాలు లేకపోతే కనిపిస్తుంది. వినపడకపోతే కనిపించదు. అక్షరాలు తిరగబడి కనిపించే పిల్లవాడు, మాట అర్థం కావడానికి నాలుగింతల సమయం పట్టే పిల్లవాడు, ఆటిజం వుండి కళ్ళలోకి చూడలేని పిల్లవాడు, అసలే కనిపించరు. వాళ్ళు మొండివాళ్ళుగా, సోమరులుగా, పొగరుబోతులుగా, 'పశ్చాత్తాపం లేనివాళ్ళుగా' రికార్డులకెక్కుతారు. ఒకవేళ ఆ గడిలో టిక్కు పడినా, పడిన తర్వాత ఏం చేయాలో ఎవరికీ స్పష్టంగా చెప్పినట్టు లేదు.

లెక్కల సంగతీ అంతే. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా వేసే 'క్రైమ్ ఇన్ ఇండియా'లో పట్టుబడ్డ పిల్లల చదువు లెక్క వుంది, తల్లిదండ్రులతో వుంటున్నారా లేదా అన్న లెక్క వుంది. వైకల్యం లెక్క లేదు. అమెరికాలో 1975 నుంచీ వికలాంగ పిల్లల విద్యా హక్కు చట్టం వుంది. నిర్బంధంలో వున్న పిల్లలకీ అది వర్తిస్తుంది కాబట్టి వాళ్ళు లెక్కపెట్టాల్సి వచ్చింది. 2005లో వెలువడిన ఒక దేశవ్యాప్త సర్వేలో, బాలల నిర్బంధ గృహాల్లో వున్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది ప్రత్యేక విద్య పొందుతున్నవాళ్ళని తేలింది. అక్కడ అంతా బాగుందని కాదు. లెక్క తేలాక కనీసం సిగ్గుపడటానికి ఒక అంకె వుంటుంది. మనకి ఆ అంకె కూడా లేదు.

ఇప్పుడు అదే పిల్లవాడి మీద సెల్‌ఫోన్ దొంగతనం కాకుండా, కనీసం ఏడేళ్ళు ఆపైన శిక్ష వున్న కేసు పెట్టారనుకోండి. అప్పుడు 15వ సెక్షన్ వస్తుంది. పదహారు నిండిన బిడ్డకి ఆ నేరం చేయగల 'మానసిక, శారీరక సామర్థ్యం' వుందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. ఆ అంచనా మూడు నెలల్లో పూర్తి కావాలి. దాన్నిబట్టి పెద్దవాళ్ళ మాదిరిగా విచారించడానికి పిల్లల కోర్టుకి పంపొచ్చు.

ఈ సెక్షన్ ఎట్లా వచ్చిందో మనకి గుర్తుండాలి. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత, నిందితుల్లో ఒకడు పద్దెనిమిది నిండనివాడని తెలిసిన తర్వాత, వీధుల్లో, టీవీల్లో రేగిన కోపంలోంచి వచ్చింది. బాలల వయసు తగ్గించొద్దని 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ స్పష్టంగా చెప్పింది. చాలా స్త్రీవాద సంఘాలు కూడా వద్దన్నాయి. అయినా 2015 డిసెంబరు 22న రాజ్యసభలో బిల్లు పాసైంది. స్త్రీల రక్షణ కోసం అన్నారు. మన పేరు మీద చేసిన చట్టం ఇది. మనల్ని అడిగి చేసింది కాదు. నేను అప్పుడు పిహెచ్‌డి చేస్తున్నాను. హాస్టల్ టీవీ ముందు కూర్చుని ఆ రాత్రి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ వున్నాను. ఆ సంగతి దాచిపెట్టి ఈ వ్యాసం రాస్తే అది నిజాయితీ కాదు.

ఈ 'సామర్థ్యం' అన్న మాట ఒక ఉచ్చు. వైకల్యం వున్న బిడ్డ ఎటు జరిగినా బిగుసుకుంటుంది. అడిగిన ప్రశ్నకి పొడిపొడిగా ఏదో జవాబిస్తే అర్థం చేసుకునే శక్తి వుంది, పెద్దవాడే అంటారు. జవాబివ్వకపోతే మొండివాడు, కరుడుగట్టినవాడు అంటారు. తెలివి తక్కువని తేలితే 93వ సెక్షన్ తలుపు తెరుచుకుంటుంది, ఆస్పత్రి వార్డులో పడతాడు. ఆ సెక్షన్ రాసినప్పుడు 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టాన్ని ఉదహరించారు. దాని స్థానంలో 2017 చట్టం వచ్చింది. కొత్త చట్టం బుద్ధిమాంద్యాన్ని మానసిక జబ్బుగా లెక్కించదు. మైనర్లని పెద్దల వార్డులో వుంచొద్దంటుంది. ముప్ఫై రోజులు దాటితే రివ్యూ బోర్డుకి చెప్పమంటుంది. రెండు చట్టాలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోనట్టే వున్నాయి. ఆ రెంటి నడుమ సందులో బిడ్డ వుంటాడు.

అంచనా వేసే మనిషి ఎవరన్న ప్రశ్న 2022 జూలైలో సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రంలోనో మనోవైద్యంలోనో పట్టా వుండి ప్రాక్టీసు చేసేవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని కోర్టు తేల్చింది. చట్టంలో 'తీసుకోవచ్చు' అన్న మాటని 'తీసుకోవాలి' అని చదివింది. దాని వెంట 2023లో జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలూ వచ్చాయి. మంచిదే. కానీ ఆ నిపుణుడు ఏ భాషలో అడుగుతాడు? మాటలతో చేసే పరీక్షని మాటలే లేని పిల్లవాడికి ఎట్లా పెడతాడు? బడి మొహం చూడని, ఏ భాషా పూర్తిగా అందని పిల్లవాడి 'పర్యవసానాల అవగాహన'ని మూడు నెలల్లో ఎట్లా కొలుస్తాడు? నిపుణుణ్ణి పిలవడం సగం పని. ఆ నిపుణుడికీ బిడ్డకీ మధ్య వంతెన వేయడం మిగతా సగం.

పెద్దల చట్టం ఇంకా నిర్దయగా వుంది. నిందితుడికి మతిస్థిమితం బాగానే వున్నా, జరుగుతున్నది అతనికి తెలియజెప్పడం సాధ్యం కాకపోతే, కోర్టు విచారణ కొనసాగించవచ్చునని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 318వ సెక్షన్ అంది. శిక్ష పడితే హైకోర్టుకి నివేదించాలి, అంతే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ఆ నియమాన్ని అట్లాగే మోసుకొచ్చింది. తెలియజెప్పే మనిషిని ముందు వెతకండి అని కొత్త చట్టానికి కూడా తోచలేదు. మన పిల్లవాణ్ణి పెద్దవాడిలా విచారించమని పంపేది ఈ లోకంలోకే.

'ఇంతకీ బాధితురాలి సంగతేమిటి?' అని ఒక స్నేహితురాలు అడిగింది. మంచి ప్రశ్న. అందులోనే జవాబు కూడా వుంది.

లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 38వ సెక్షన్ చదవండి. బాధిత బిడ్డకి వైకల్యం వుంటే, సాక్ష్యం నమోదు చేసేటప్పుడు ప్రత్యేక విద్య తెలిసిన టీచరునో, ఆ బిడ్డ సంభాషించే తీరు తెలిసిన మనిషినో సాయం తీసుకోవచ్చు. 2013లో క్రిమినల్ చట్టాలు సవరించినప్పుడు, అత్యాచార బాధితురాలికి వైకల్యం వుంటే దుబాసీనో ప్రత్యేక టీచరునో పెట్టి, వీడియో తీసి వాంగ్మూలం నమోదు చేయాలని చేర్చారు. వికలాంగ స్త్రీల సంఘాలూ స్త్రీవాద సంఘాలూ గట్టిగా అడిగి సాధించుకున్నవి అవి. అంటే ఎట్లా చేయాలో ఈ దేశానికి తెలుసు. పన్నెండేళ్ళకి పైగా తెలుసు. ఇప్పుడు ఒకే బధిరుల పాఠశాలలో చదివే ఇద్దరు పిల్లల్ని ఊహించండి. ఒకరు బాధితురాలు, ఒకరు నిందితుడు. ఆమె చేతులు ఏం చెప్తున్నాయో కోర్టుకి చెప్పడానికి చట్టం ఒక మనిషిని పిలుస్తుంది. అతని చేతుల కోసం ఎవరినీ పేరు పెట్టి పిలవదు. ఆమెకి ఇచ్చినది తీసి అతనికి ఇమ్మని నేను అడగడం లేదు. ఆమె కోసం మనం తెరిపించిన తలుపు అతనికి మూసి వుంటే, ఆ తీర్పు నిజమని ఆమె మాత్రం ఎట్లా నమ్మాలి?

సంస్థల గోడల వెనక వికలాంగ పిల్లలకి ఏం జరుగుతుందో మనకి తెలియని విషయం కూడా కాదు. 1994లో మహారాష్ట్రలో ప్రభుత్వ హోమ్‌లోని బుద్ధిమాంద్యం వున్న ఆడపిల్లలకి గర్భసంచులు తీయించినప్పుడు వీధుల్లోకి వచ్చింది స్త్రీల సంఘాలే. 1986లో, జైళ్ళలో మగ్గుతున్న పదహారేళ్ళలోపు పిల్లల కోసం సుప్రీంకోర్టుకెళ్ళిన షీలా బర్సే పత్రికా రచయిత్రి. దేశమంతటికీ ఒకే బాలల చట్టం వుండాలని ఆ కేసులోనే కోర్టు సూచించింది, ఆ ఏడాదే మొదటి జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. ఏ నేరమూ చేయని మానసిక రోగుల్ని బెంగాల్ జైళ్ళలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో అనిపించిన కేసు కూడా ఆమె పేరు మీదే వుంది. ఇది రచయిత్రుల పని కాదని ఎవరైనా అంటే ఆ పేరు గుర్తుచేయండి.

ఇక భాష దగ్గరికి వస్తాను. అది మన ఇంటి సంగతి.

వికలాంగులని 'దివ్యాంగులు' అనాలని 2015 చివర్లో ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. ఆఫీసు బోర్డుల మీద పేర్లు మారాయి. హోమ్ లోపల ఆ పిల్లవాడి పేరు 'చెవిటోడు'. నేను చెప్పిన తర్వాతే అది కూడా, అంతకు ముందు 'పొగరుబోతు'. ఆకాశంలో దివ్యత్వం, నేల మీద చెంపదెబ్బ. స్త్రీని దేవత అనే సంస్కృతి ఇంట్లో ఆమెని ఏం చేస్తుందో మనకి వివరించక్కర్లేదు. ఇది అదే సరుకు.

మన రాతలూ తక్కువ తినలేదు. ఆడవాళ్ళని కించపరిచే సామెతల్ని ఏరి పారేశాం, నిఘంటువుల్ని నిలదీశాం. 'చెవిటివాడి ముందు శంఖం', 'కుంటి సాకు', 'గుడ్డెద్దు చేలో పడ్డట్టు' మాత్రం అలాగే వాడుకుంటున్నాం. 'గుడ్డి న్యాయం' అని రాస్తాం, 'చెవిటి ప్రభుత్వం' అని రాస్తాం, 'మూగవేదన' అని కథకి పేరు పెడతాం. నేను కూడా నా సిద్ధాంత గ్రంథంలో 'మూగబోయిన స్త్రీ గొంతు' అని ఒక అధ్యాయానికి శీర్షిక పెట్టాను. మా తమ్ముడికి ఆ పుస్తకం చూపించినప్పుడు శీర్షికలు వేలితో తడుముతూ చదివి, అక్కడ ఆగి, నా వైపు చూసి నవ్వాడు. ఆలస్యంగా నవ్వే నవ్వు కాదు అది. తప్పు మనది, పోలిక వాళ్ళది. ఇదే భాష బోర్డు ముందు ఫైలుగా మారుతుంది. వినపడటం లేదని లాయరు చెప్తే 'కుంటి సాకులు' అనడానికి మన సామెత అక్కడ సిద్ధంగా వుంటుంది.

ఆ పిల్లవాడి తల్లిని గేటు దగ్గర చూశాను. నాలుగిళ్ళలో పనిచేస్తుంది. ములాఖత్ రోజు రావాలంటే రెండిళ్ళ పని మానుకోవాలి. 'గిట్ల చెయ్యి దిప్పితె అన్నం. గిట్లంటె నాయిన. గిట్ల జేస్తె భయమైతాందని. నేను జెప్త సారూ, నాకు ఎర్కే వాని మాట, అని స్టేషన్ల మొత్తుకున్న. నువ్వు బయట కూసోమన్నరు' అంది. పదహారేళ్ళపాటు ఒక తల్లి ఒక్కతే కూర్చుని ఒక భాష తయారుచేసింది. ఆ భాషకి వ్యాకరణం రాసే పండితుడు లేడు. అది తెలిసిన ఇద్దరిలో ఒకరిని లోపల పెట్టారు, ఇంకొకరిని బయట కూర్చోబెట్టారు. పైగా 'పెంపకం సరిగా లేదు' అన్న మాట ఆమె ముందే అన్నారు. వికలాంగ బిడ్డని పెంచే శ్రమ అంతా ఆడవాళ్ళ మీదే పడుతుంది. ఆ శ్రమలోంచి పుట్టిన జ్ఞానానికి మాత్రం స్టేషన్లో విలువ లేదు. ఇది స్త్రీల సమస్య కాదని ఎవరంటారు?

లీగల్ ఎయిడ్ లాయరు ద్వారా బోర్డుకి విషయం తెలియజేశాం. బోర్డు సభ్యురాలు వెంటనే స్పందించింది, ఆ మాట చెప్పాలి. బధిరుల పాఠశాల నుంచి ఒక టీచరుని పిలిపించారు. చిన్నప్పుడు రెండేళ్ళు అలాంటి బళ్ళో చదివి మానేశాడట, కొన్ని సంజ్ఞలు గుర్తున్నాయి. తల్లి ఒక పక్కన, టీచరు ఒక పక్కన. వాడు మొదట అడిగింది కేసు గురించి కాదు. 'ఇది ఏ హాస్టలు? సెలవులెప్పుడు?' అని.

నలభై ఎనిమిది రోజులు హాస్టలనుకున్నాడు.

వాడు ఆ ఫోను దొంగిలించాడా? దొంగిలించి వుండొచ్చు. నాకు తెలియదు. వాడు అమాయకుడు కాబట్టి వదిలేయమని నేను వాదించడం లేదు. దొంగతనం చేసిన పిల్లవాడికి కూడా, తన మీద ఏం ఆరోపించారో తనకి తెలిసే భాషలో వినే హక్కు వుంది. వినడం కుదరకపోతే చూసే హక్కు వుంది. అమాయకులకే హక్కులిద్దామంటే అది హక్కు కాదు, బహుమతి.

వైకల్యం వున్న ఖైదీల గురించి ఈ దేశం కొంచెమైనా మాట్లాడిందంటే అది పేరున్న మనుషుల వల్ల. చేతులు వణికే జబ్బుతో నీళ్ళు తాగడానికి స్ట్రా అడిగిన స్టాన్ స్వామి 2021 జూలైలో బందీగానే చనిపోయారు. చక్రాల కుర్చీలో నాగపూర్ జైలు అండా సెల్‌లో ఏళ్ళు గడిపిన మన అమలాపురం బిడ్డ సాయిబాబా 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి, అక్టోబరులో హైదరాబాద్‌లో కన్నుమూశారు. వాళ్ళకి పేర్లున్నాయి, రాసే చేతులున్నాయి, మాట్లాడే మిత్రులున్నారు. ఈ పిల్లలకి పేరు లేదు. వాళ్ళ గుర్తింపు బయటపెట్టొద్దని 74వ సెక్షన్ అంటుంది. సరైన సెక్షనే, నేను కూడా పాటిస్తున్నాను. కానీ బిడ్డ పేరు దాచమన్నారు గాని బిడ్డకి జరిగింది దాచమనలేదు. పేరు లేకుండానే వాళ్ళ గురించి రాయడం ఎట్లాగో మనం నేర్చుకోవాలి. కథలు రాసేవాళ్ళం, మనకది చేతకాని పనా?

2025 జూలైలో సుప్రీంకోర్టు తమిళనాడు జైళ్ళ విషయంలో ఒక తీర్పు ఇచ్చింది. జైలుకి వచ్చిన రోజే వైకల్యం గుర్తించాలి, అర్థమయ్యే రూపంలో నియమాలు చెప్పాలి, మరుగుదొడ్లూ దారులూ అనుకూలంగా మార్చాలి అని. అది జైళ్ళ గురించి. పిల్లల్ని పెట్టేది జైలు కాదు, 'హోమ్'. ఇల్లు అన్న పేరు పెట్టిన చోటికి జైలుకున్నపాటి నియమమైనా వుండొద్దా?

ఏం కావాలో చెప్పడం కష్టం కాదు. బోర్డు ముందుకి తెచ్చిన మొదటి వారంలోనే చూపు, వినికిడి, మాట, నేర్చుకునే తీరు తెలిసినవాళ్ళ చేత పరీక్ష చేయించాలి. ఆ ఫలితం బిడ్డకి సాయం చేయడానికే వాడాలి, బిడ్డ మీద వాడకూడదు. పోలీసు మొదటి ప్రశ్న దగ్గర్నుంచీ సంజ్ఞా భాష తెలిసిన దుబాసీ, అవసరమైతే ప్రత్యేక టీచరు, బిడ్డ మాట తెలిసిన తల్లో అక్కో పక్కన వుండాలి. వాళ్ళు లేకుండా రాసిన ఏ 'తల వూపుడు'కీ ఏ రిపోర్టులోనూ చోటుండకూడదు. 15వ సెక్షన్ మొత్తంగా పోవాలన్నది నా అభిప్రాయం. అది పోయేదాకా, బుద్ధి వికాసంలో, నాడీ వికాసంలో వైకల్యం వున్న పిల్లల్ని పెద్దల విచారణకి పంపే దారి పూర్తిగా మూసేయాలి. అటువంటి పిల్లలు అసలు నేర న్యాయవ్యవస్థలోనే వుండకూడదని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో చెప్పింది. 93వ సెక్షన్‌ని 2017 మానసిక ఆరోగ్య చట్టంతో సరిపోయేట్టు తిరగరాయాలి. లెక్క తీయాలి, ఏటా ప్రచురించాలి.

వీటిలో చాలావాటికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని భారతదేశం 2007లోనే ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్, న్యాయం అందుకోవడంలో వివక్ష వుండకూడదని, తనకి అనువైన భాషలో, పద్ధతిలో చెప్పుకునే వీలు కల్పించాలని ఇప్పటికే అంటోంది. అందులో నిందితులకి మినహాయింపు లేదు, పిల్లలకీ లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద రాష్ట్రాలు సొంతంగా నియమాలు చేసుకోవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తల్చుకుంటే ఈ రెండు చట్టాల్నీ తమ నియమాల్లో ఒకచోట కూర్చోబెట్టొచ్చు. దుబాసీలు లేరంటారు. నిజమే, తక్కువ. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ పరిశోధన కేంద్రం వచ్చిందే 2015లో. డాక్టర్లు తక్కువని జబ్బుల్ని నేరం చేయం కదా. ఇక, అందరూ వినపడనట్టు నటిస్తారని భయపడేవాళ్ళకి ఒకటే మాట: నా పిల్లవాడు నలభై ఎనిమిది రోజులు వినపడుతున్నట్టే నటించాడు.

మనం చేయగలిగింది కూడా వుంది. మీ వూళ్ళో హోమ్ ఎక్కడుందో కనుక్కోండి. అనుమతి అడగండి, కథలు చెప్పడానికైనా వెళ్ళండి. ఆలస్యంగా నవ్వే పిల్లల్ని గమనించండి. విశ్వవిద్యాలయాల్లో వున్నవాళ్ళం, న్యాయశాస్త్ర విభాగం వాళ్ళతో, ప్రత్యేక విద్య విభాగం వాళ్ళతో కూర్చుని రాష్ట్ర నియమాలకి ఒక ముసాయిదా రాయగలం. వికలాంగ స్త్రీల సంఘాలు ముందుండాలి, మనం పక్కన నిలబడాలి. 2015లో మన పేరు వాడుకుని ఒక చట్టం చేశారు. ఈసారి మన పేరు మనమే ఇద్దాం.

ఆ పిల్లవాడికి తర్వాత బెయిలొచ్చింది. వాడు వెళ్ళిపోయే శనివారం నేను అక్కడే వున్నాను. తల్లి చెయ్యి పట్టుకుని గేటు దాటుతూ వెనక్కి తిరిగి ఏదో సంజ్ఞ చేశాడు. నాకు తెలిసిన సంజ్ఞల్లో అది లేదు. మా తమ్ముడికి చేసి చూపించాను, వాడికీ తెలియలేదు. అర్థం కాకపోయినా ఆ రోజు నేను తల వూపాను.